కూలిపోయేలోగా చదవాల్సిన ఇల్లు

పురావస్తు పరిశోధన అనగానే పార, మట్టి, కుండపెంకులు గుర్తొస్తాయి. తవ్వడానికి మట్టే లేని చోట, భూమికి 400 కిలోమీటర్ల ఎత్తున ఆ పని ఎలా? అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం విషయంలో ఈ ప్రశ్నకు గడువు కూడా దగ్గరపడుతోంది. 2000 నవంబరు నుంచి అక్కడ మనుషులు లేని రోజు లేదు. 2030 తర్వాత దాన్ని సముద్రంలో కూల్చేయాలన్నది నాసా ప్రణాళిక. ఆ తర్వాత వెళ్లి చూద్దామంటే ఆ నివాసమే ఉండదు.

అమెరికాకు చెందిన జస్టిన్ వాల్ష్, ఆస్ట్రేలియాకు చెందిన అలిస్ గోర్మన్ 2015లో దీనిపై పురావస్తు అధ్యయనం మొదలుపెట్టారు. తవ్వకాల్లో నేలను చదరాలుగా విభజించే పద్ధతినే అక్కడికీ తీసుకెళ్లారు. 2022 జనవరిలో వ్యోమగాములు కేంద్రం లోపల ఆరు చోట్ల, ఒక్కోటి సుమారు మీటరు ఉండే చదరాలను టేపుతో గుర్తించారు. 60 రోజుల పాటు రోజూ వాటి ఫొటోలు తీశారు.

రెండు చదరాల ఫలితాలు 2024లో వెలువడ్డాయి. మరమ్మతుల కోసం కేటాయించిన చోట మరమ్మతులు దాదాపు జరగలేదు. వెల్క్రో అంటించిన ఆ గోడ సామాన్లు తగిలించే చోటుగా మారింది. మరుగుదొడ్డికి, వ్యాయామ పరికరాలకు దగ్గర్లో, ఏ పనికీ కేటాయించని చోట స్నాన సామగ్రి సంచులు చేరాయి. మన ఇళ్లలో కుర్చీ మీద బట్టలు పేరుకుపోయినట్టే!

ఇది చిన్న విషయంలా కనిపించవచ్చు. రెండు చదరాలతో మొత్తం కేంద్రంపై తీర్పు ఇవ్వలేం కూడా. అయితే అడిగితే మనుషులు గుర్తున్నదే చెబుతారు. అలవాటుగా చేసేది వస్తువులే చెబుతాయి. పురావస్తు శాస్త్రం బలం అదే.

భారత్‌కు ఇందులో నేరుగా పని ఉంది. 2035 నాటికి సొంత అంతరిక్ష కేంద్రం నిర్మించాలన్నది మన లక్ష్యం. 2025లో శుభాంశు శుక్లా ఆ పాత కేంద్రంలోనే గడిపి వచ్చారు. మన కేంద్రం నమూనాలు ఖరారయ్యేలోగా సామాను ఎక్కడ పెట్టుకుంటారు, ఏకాంతం ఎక్కడ దొరుకుతుంది అన్న ప్రశ్నలూ ఇంజినీర్ల బల్ల మీదికి రావాలి. మనుషుల అలవాట్లను చదవగలిగే ఒక్కరికైనా అక్కడ కుర్చీ వేయాలి. గోడలు కట్టేశాక సర్దుకుపోయేది వ్యోమగాములే.