మన పేట కబుర్లు: తాళం చెవి ఎవరి దగ్గర?



పేపర్లో పడని వార్తలు ప్రతి పేటలోనూ ఉంటాయి. ఎవరింట్లో బిడ్డ పుట్టింది, ఎవరి మగ్గం ఆగింది, ఏ అవ్వకు జ్వరం తగ్గలేదు, కుళాయి ఎన్ని రోజులకు వచ్చింది, ఎవరి అమ్మాయి పదో తరగతి గట్టెక్కింది - ఇవేవీ జిల్లా పేజీలో రావు. అయినా సూర్యుడు నెత్తిమీదికి రాకముందే వీధి వీధికంతా తెలిసిపోతాయి. ఈ నెల ఆదోని, ఎమ్మిగనూరు పేటల కబుర్లు నాలుగు చెప్పుకుందాము. పల్లెల్లో ఉన్న మన పాఠకులకు ఈ రెండు ఊళ్ళు కొత్తవి కావు. పత్తి అమ్మడానికి ఆదోని యార్డుకు రాని రైతు, తువ్వాళ్ళకో దుప్పట్లకో ఎమ్మిగనూరు పేరు తలవని ఇల్లు మన ప్రాంతంలో అరుదు. చాలామందికి ఆ పేటల్లో చిన్నాయనో, మేనత్తో, పెళ్ళి చేసి పంపిన కూతురో ఉంటారు.

ఈ ప్రాంతం 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. అప్పుడే ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిశాయి. జిల్లా మారినా వీధి మారలేదు. ఒకే వరుసలో తెలుగు ఇల్లు, కన్నడ ఇల్లు, ఉర్దూ మాట్లాడే ఇల్లు పక్కపక్కనే ఉంటాయి. పిల్లలు ఒక గడపలో అవ్వా అని, రెండో గడపలో అజ్జీ అని, మూడో గడపలో నానీ అని పిలుస్తారు. మూడు చోట్లా చేతిలో ఏదో ఒకటి పడుతుంది. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ వాసన వస్తే అది ఏ ఇంటిదో ఎవరూ అడగరు. గిన్నె మాత్రం గోడ దాటుతుంది.

ఇరుగుపొరుగు అంటే ముచ్చట మాత్రమే కాదు, పని కూడా. ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధులు ఈ సంగతి బాగా ఎరుగుదురు. మగ్గం మీద కూర్చునేది ఒక్కడే అయినా, బట్ట ఒక్కడి వల్ల కాదు. కండెలు చుట్టేది ఇల్లాలు, అచ్చు అతికేది మరొకరు. వీధి పొడవునా పడుగు సాగదీసి గంజి పెట్టే రోజుల్లో పక్కింటివాళ్ళు కూడా వచ్చి చెయ్యి వేసేవారు. వానాకాలం మగ్గం గుంతలోకి నీరు ఊరితే పని ఆగుతుంది, కూలి ఆగుతుంది. అప్పుడు జొన్నపిండి చేబదులు ఇచ్చేది కూడా ఆ పక్కిల్లే. ఇలాంటి చేతులన్నిటినీ ఒక్క తాటిమీదికి తెచ్చి మాచాని సోమప్పగారు 1938లో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. 1954లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. ఒక్కడుగా ఉంటే షావుకారు ముందు నిలబడలేని నేతగాడు పదిమందితో కలిస్తే నిలబడగలడని ఆ సంఘం చూపించింది. మరమగ్గాలు వచ్చాక చేనేతకు కష్టకాలం వచ్చిన మాట నిజమే. కానీ నేర్పిన పాఠం పాతబడలేదు.

ఆదోని వీధుల్లో ఆ పాఠం నీళ్ళ దగ్గర కనబడుతుంది. ఎల్లెల్సీ అని మనవాళ్ళు పిలిచే తుంగభద్ర దిగువ కాలువ ఈ ప్రాంతానికి ప్రాణాధారం. కాలువకు నీళ్ళు ఆగితే పొలంతోపాటు బిందె కూడా ఎండుతుంది. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్టకున్న 33 గేట్లలో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు, కళ్ళముందే జలాశయం ఖాళీ అయిపోతుంటే ఈ పక్క ఊళ్ళన్నీ గుండె చేత పట్టుకున్నాయి. వారం రోజులకు అక్కడ ఉక్కు పలకలు దించి ప్రవాహాన్ని ఆపగలిగారు. అంత పెద్ద ఆనకట్ట సంగతి ఇంజనీర్లు చూసుకుంటారు. కానీ కుళాయి వచ్చే వేళకు ఇంట్లో లేని మనిషి బిందెను ఎవరు నింపి పెడతారు? అది ఏ ఇంజనీరు చేతిలోనూ లేదు, పక్కింటి వదినె చేతిలో ఉంది.

ఇక అసలు కబురుకు వద్దాము.

దసరా, దీపావళి దాటితే ఈ పేటల్లో, ముఖ్యంగా ఊరి శివారు పేటల్లో, ఇళ్ళకు తాళాలు పడతాయి. చుట్టూ ఉన్న కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, నందవరం, మంత్రాలయం, హొళగుంద మండలాల పల్లెల్లోనైతే వీధులకు వీధులే ఖాళీ అవుతాయి. ఎక్కడికి పోయారంటే ఒకటే జవాబు: "సుగ్గికి పోయినారు." గుంటూరు వైపు ముందు పత్తి తీయడానికి, ఆ వెనుక మిరపకాయలు కోయడానికి పోవడమే ఈ సుగ్గి. కొందరు తెలంగాణకు, కొందరు బెంగళూరుకు పోతారు. చాలామంది ఉగాదికి తిరిగి వస్తారు.

చూడండి ఎంత విచిత్రమో. రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఆదోని ఒకటి. బండ్లు, ట్రాక్టర్లు పత్తి నింపుకుని యార్డుకు బారులు తీరే నెలల్లోనే, ఇక్కడి మనుషులు పరాయి చేలలో పత్తి తీయడానికి లారీ ఎక్కుతారు. కారణం తెలియనిది కాదు. పడమటి కర్నూలులో సేద్యమంతా ఎక్కువగా వాన మీదే. వాన ముఖం చాటేస్తే పంట లేదు, పంట ఉన్నా నాలుగు నెలల తరువాత చేలో పని లేదు. అక్కడ మిరపతోటలో కాయలు ఒక్కసారి పండవు, విడతలు విడతలుగా కోయాలి, చేత్తోనే కోయాలి. చాలాచోట్ల కోసిన తూకాన్ని బట్టి కూలి. ఎన్ని చేతులుంటే అంత కూలి. కనుక మొగుడు, పెళ్ళాం ఇద్దరూ పోతారు.

పోయేముందు వాళ్ళు ఒక పని చేస్తారు. తాళం చెవి పక్కింట్లో ఇస్తారు. రశీదు లేదు, సాక్షి లేదు. అవ్వకు మాత్రలు తెచ్చివ్వమనీ, మేకపిల్లను చూస్తుండమనీ, రేషను వేలిముద్రకు అబ్బను తోడుకొని పొమ్మనీ చెప్పి పోతారు. బ్యాంకు లాకరు మీద కూడా మనిషికి ఇంత నమ్మకం ఉండదు. ఈ నమ్మకమే పేటకు పునాది.

కానీ ఒక్క సంగతి మమ్మల్ని బాధిస్తున్నది. తాళం చెవి పక్కింట్లో ఉంటుంది. ఏడో తరగతి చదివే కూతురు మాత్రం లారీ ఎక్కుతుంది.

ఎందుకమ్మా అని అడిగితే తల్లి చెప్పే మాటలో అబద్ధం లేదు: "పాప ఉంటే చంటోన్ని చూసుకుంటాది కదమ్మా. మేమిద్దరం చేన్లోకి పోతే గుడారం కాడ ఎవరుంటారు?" ఇంకో తల్లి ఇంకో మాట అంటుంది: "ఎదిగిన పిల్లను యాడ విడిసిపోవాల? అవ్వకు కండ్లు ఆనవు." ఇవి సాకులు కావు. పేదరికం, భయం రెండూ కలిసి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లారీ ఎక్కిస్తున్నాయి. ఉగాదికి పిల్ల తిరిగి వస్తుంది. అప్పటికి లెక్కల్లో నాలుగు పాఠాలు దాటిపోయి ఉంటాయి. పరీక్షలు తలుపు దగ్గర ఉంటాయి. ఒక ఏడాది ఎలాగో నెట్టుకొస్తుంది. రెండో ఏడాది బడికి పోవడానికి సిగ్గుపడుతుంది. మూడో ఏడాది మిరపతోటలో ఆమె కూడా ఒక కూలి అవుతుంది. ఆ తరువాత పెళ్ళి. ఆమె కూతురికీ ఇదే కథ.

బైబిలులో నయోమి కుటుంబం కూడా సుగ్గికి పోయిన కుటుంబమే. బేత్లెహేములో కరవు వచ్చి మోయాబుకు పోయారు. పోయేటప్పుడు నలుగురు. తిరిగి వచ్చేటప్పుడు భర్త లేడు, ఇద్దరు కొడుకులు లేరు, కోడలు రూతు మాత్రం వెంట ఉన్నది. ఆమె వచ్చిందని ఊరంతా కదిలింది, స్త్రీలు గుర్తుపట్టి పలకరించారు. పోయినవాళ్ళను మరువని వీధి అది. అయితే పోయేరోజున ఆ వీధి ఏం చేసిందో ఆ గ్రంథంలో లేదు. ఆ ఖాళీని పూరించే పని మనది అనుకుందాము.

కొన్ని వీధుల్లో ఈ పని మొదలైంది కూడా. తాళం చెవి తీసుకున్న ఇల్లాలే, "పాపను నా కాడ విడిసిపో అక్కా, మా పిల్లలతో పాటు ఇంత రొట్టె తింటాది" అని అనగలిగింది. పడక అవ్వ దగ్గర, తిండి పక్కింట్లో, సాయంత్రం చదువు వీధి చివర టీచరమ్మ అరుగు మీద. ఖర్చుకు తల్లిదండ్రులు నెలనెలా కొంత పంపుతారు. ఇది గొప్ప పథకం కాదు. గోడ దాటే ఉగ్గాని గిన్నె ఇంకొంచెం పెద్దదైంది, అంతే. ఇందులో కష్టం లేదని మేము చెప్పము. పరాయి ఆడపిల్ల బాధ్యత నెత్తిన వేసుకోవడం చిన్న మాట కాదు. పిల్లకు జ్వరం వస్తే ఎవరు మేలుకుంటారు, మాట వస్తే ఎవరు పడతారు? అందుకే ఒక్క ఇంటి మీద మోపకుండా నాలుగు ఇళ్ళు పంచుకోవాలి. ఒక ఇంట్లో పడక, ఒక ఇంట్లో భోజనం, ఒకరు బడికి పోయి విచారించడం, ఒకరు వారానికి రెండుసార్లు తల్లితో ఫోనులో మాట్లాడించడం. పదిమందికి తెలిసి జరిగేదానిలో భయం తక్కువ.

ఇంటి దగ్గర వీలుకాని పిల్లలకు వేరే దారులున్నాయి. వలస వెళ్ళేవారి పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు నడిపే ఏర్పాటు సర్వశిక్షా అభియాన్ రోజుల నుండి ఉన్నది. ఏ ఊళ్ళో, ఎప్పుడు తెరుస్తారో దసరా సెలవులకు ముందే హెడ్మాస్టరుగారినో, మండల విద్యాధికారి కార్యాలయంలోనో అడగాలి. లారీ వచ్చాక అడిగితే లాభం లేదు. పిల్లను వెంట తీసుకుపోక తప్పనివారు ఒకటి గుర్తుంచుకోండి. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుండి 14 ఏళ్ళ పిల్లలను ప్రభుత్వ బడిలో చేర్చుకోవలసిందే. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా పంపడానికి వీల్లేదు. గుడారం వేసిన ఊళ్ళో బడి ఎక్కడుందో దిగిన మొదటి వారంలోనే విచారించండి. రేషను సంగతి కూడా అంతే. కార్డున్న ఊళ్ళోనే బియ్యం తీసుకోవాలన్న నిబంధన ఇప్పుడు లేదు. 2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణల మధ్య మొదలైన ఏర్పాటు తరువాత దేశమంతటికీ వచ్చింది. కార్డు నంబరు, ఆధారు దగ్గర పెట్టుకోండి.

ఇంకో మాట. పోయేవారు మేస్త్రి పేరు, ఫోను నంబరు, పోయే ఊరు, రైతు పేరు ఒక కాగితం మీద వ్రాసి తాళం చెవితోపాటు ఇచ్చిపోవాలి. 2020 మార్చి చివర లాక్‌డౌన్ వచ్చినప్పుడు మిరప కోతలకు పోయిన మన ప్రాంతపు కూలీలు ఎందరో అక్కడే చిక్కుపడ్డారు. కన్నవాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నారో చెప్పలేని ముసలివాళ్ళు ఎంత అల్లాడారో పేటలకు తెలుసు. నాలుగు వరసల కాగితానికి ఖర్చు లేదు.

సంఘాలకు కూడా ఇందులో వంతు ఉన్నది. క్రిస్మసు ఆరాధనకు మందిరంలో ఖాళీ చాపలు కనబడే సంఘాలు ఈ ప్రాంతంలో కొత్త కాదు. ఆ రోజున పోయినవారి కోసం ప్రార్థన చేస్తాము, మంచిదే. దసరాకు ముందే స్త్రీల సమాజం కూడుకుని, ఈ సంవత్సరం ఎవరెవరు పోతున్నారు, ఎవరి పిల్లలు బడి ఈడు వాళ్ళు, ఎవరి అవ్వాతాతలు ఒంటరిగా ఉంటారు అని పేర్లు వ్రాసుకుంటే ఆ ప్రార్థనకు కాళ్ళు చేతులు వచ్చినట్టే. మన సంఘస్థుల పిల్లలనే వ్రాసుకోనక్కరలేదు. తాళం చెవి ఇచ్చేటప్పుడు పేటలో ఎవరూ మతం అడగరు.

పల్లెల్లో ఉన్న పాఠకులారా, మీ వీధిలో ఇలాంటి ఏర్పాటు ఏదైనా నడుస్తుంటే ఎలా నడుస్తున్నదో మాకు వ్రాయండి. ఎక్కడ ఇబ్బంది వచ్చిందో అది కూడా వ్రాయండి, ఇంకో పేటకు పనికివస్తుంది. ఇక ఈ ఏడు దసరా దగ్గరపడినప్పుడు మీ పక్కింటి అక్క తాళం చెవి ఇవ్వడానికి వస్తే, తీసుకోండి. తీసుకుని, "పాప సంగతి ఏం చేస్తాండావు అక్కా?" అని ఒక్క మాట అడగండి.