అభిమానికి జాబు

స్నేహము నిలుచుటకు సమీపమున నుండుట అవసరము కాదు. సమాచారము తెగకుండుట అవసరము. ఒకే వీథిలో నివసించుచు పలుకరించుకొననివారు పరాయివారగుదురు. వేయి క్రోసుల దూరమున నున్నను నెలకొక జాబు వ్రాసికొనువారు ఆత్మీయులుగనే యుందురు. ఈ మాట వ్యక్తులకే గాక, ఊరూర తిరుగు కళాకారులకును, వారిని ప్రేమించు ప్రజలకును వర్తించును. గాయకుడు ఒక రాత్రి ఒక ఊరిలో పాడి, తెల్లవారుసరికి మరియొక ఊరికి పోవును. సభలో దీపములార్పిన పిమ్మట అతనికిని శ్రోతకును మధ్య మిగులునదేమి? ఈ వ్యాసమున నేను విచారింపదలచిన ప్రశ్న ఇదియే.

మన విద్యార్థులలో పాటలయందును సినిమాలయందును అభిమానము లేనివారరుదు. మెచ్చిన గాయకుని ఛాయాచిత్రమును నోటుపుస్తకమున అంటించుకొనువారిని తరగతిలో చూచుచునే యున్నాను. అది తప్పని నేననను. కాని "ఆ గాయకునికి నీవెవరవో తెలియునా? తెలిసికొనవలెనని అతడెన్నడైనను కోరెనా?" అని ప్రశ్నించినచో మౌనమే సమాధానమగుచున్నది. అట్లు కోరిన కళాకారులు లోకమున లేకపోలేదు. అందులకు అమెరికా దేశమునందలి గ్రేట్‌ఫుల్ డెడ్ అను రాక్ సంగీత బృందము చక్కని ఉదాహరణము.

ఈ బృందము 1965 లో కాలిఫోర్నియా రాష్ట్రమునందలి పాలో ఆల్టో పట్టణమున పుట్టినది. జెర్రీ గార్షియా, బాబ్ వియర్, ఫిల్ లెష్, రాన్ మెక్‌కర్నన్, బిల్ క్రూట్జ్‌మన్ అనువారు తొలినాళ్ల సభ్యులు. విద్యుద్గిటారులతోను డ్రమ్ములతోను వీరు ముప్పది సంవత్సరములు దేశమంతయు తిరిగి, రెండువేల మూడువందలకు పైగా కచేరీలు చేసిరి. మన సంగీత విద్వాంసుడు మనోధర్మముననుసరించి రాగమును పెంచునట్లు, వీరును ఒకే పాటను ఒకనాడు క్లుప్తముగను, మరియొకనాడు ఇరువది నిమిషములకు మించియు వాయించెడివారు. నిన్నటి కచేరీ నేడు వినబడదు. నేటి కచేరీ రేపు వినబడదు. కావుననే వీరి అభిమానులు ఒక్క కచేరీతో తృప్తి చెందక, ఊరినుండి ఊరికి వారి వెంట పోవుచుండిరి. వారికి డెడ్‌హెడ్స్ అని పేరు వచ్చినది.

1971 లో ఈ బృందము రెండు గ్రామఫోను పలకలు గల ఒక సంపుటమును వెలువరించెను. దాని అట్ట లోపలివైపున ఒక చిన్న ప్రకటన ముద్రించిరి. అభిమానులారా, మీరెవరో, ఎచట నున్నారో, ఎట్లున్నారో తెలుపుడు. మీ పేరును చిరునామాను పంపినచో మా సమాచారము మీకు తెలుపుచుందుము అని దాని తాత్పర్యము. గ్రామఫోను పలకల అట్టలపై గాయకుల గొప్పలే సాధారణముగ కనబడును. శ్రోతయొక్క క్షేమమడిగిన అట్ట అరుదు. ఆ పిలుపునకు దేశము నలుమూలలనుండి ఉత్తరములు వచ్చెను. కొద్ది సంవత్సరములలో ఆ చిరునామాల పట్టికలో పదుల వేల పేర్లు చేరెను. శాన్ రఫేల్ పట్టణమునందలి కార్యాలయమున ఐలీన్ లా అను ఆమె ఆ పట్టిక బాధ్యతను చాలకాలము నిర్వహించిరి. తరువాతి కాలమున టెలిఫోనున కచేరీల వివరములు వినిపించు ముద్రిత కంఠమును ఆమెదే.

పట్టికలోని వారికి బృందమువారు వార్తాలేఖలు పంపిరి. అందు కచేరీల తేదీలు మాత్రమే యున్నచో దానిని ప్రకటన పత్రమనవలసి వచ్చెడిది. కాని 1970 వ దశకపు తొలి భాగమున వెలువడిన ఒక వార్తాలేఖలో, తమకు వచ్చిన రాబడి ఏయే వ్యయములకు పోవుచున్నదో వృత్తాకారమగు పటము గీసి చూపిరి. తమ ఇంటి లెక్కను అతిథి ముందు విప్పువాడు అతనిని అతిథిగా గాక ఇంటివానిగా చూచుచున్నాడని యర్థము. అభిమానిని గౌరవించు విధానమిది.

ఇంతకు పూర్వమే ఇంగ్లండు దేశపు బీటిల్స్ బృందము మరియొక మార్గమును చూపినది. 1963 నుండి 1969 వరకు ప్రతి సంవత్సరము క్రిస్మసు పండుగకు తమ మాటలును హాస్యమును నింపిన చిన్న ధ్వనిముద్రణమునొకదానిని అభిమాన సంఘ సభ్యులకు పంపుచు వచ్చిరి. 1966 ఆగస్టులో వారు పర్యటనలు మానివేసిరి. అయినను ఈ కానుక మానలేదు. లివర్‌పూల్ నగరమున ఫ్రీడా కెల్లీ అను యువతి సంఘ కార్యదర్శినిగ అభిమానుల ఉత్తరములకు ఓపికతో సమాధానములిచ్చెడిది. ఇదియు మెచ్చదగినదే. కాని కానుక ఇచ్చుటకును, భాగమిచ్చుటకును భేదము కలదు. గ్రేట్‌ఫుల్ డెడ్ వారు రెండవదానిని గూడ చేసిరి.

1983 లో వారు మధ్యవర్తులపైననే ఆధారపడక, కొన్ని టిక్కెట్లను తపాలా ద్వారా తామే నేరుగా అమ్ముటకు పూనుకొనిరి. కోరువారు మనియార్డరు పత్రమును, వివరములు వ్రాసిన చిన్న అట్టముక్కను, తమ చిరునామా వ్రాసి స్టాంపు అంటించిన కవరును జతపరచి పంపవలెను. అభిమానులు ఆ కవరులపై రంగురంగుల బొమ్మలు వేసి పంపసాగిరి. టిక్కెట్టు కొనుట యను పొడి వ్యవహారము చిత్రలేఖనముగ మారినది. ఆ కవరులు చెత్తబుట్టలో పడలేదు. 2008 లో బృందమువారు తమ పత్రములను శాంతాక్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు దానము చేసినప్పుడు, అభిమానుల కవరులును వానితోపాటు భద్రపరుపబడినవి. గాయకుని వస్తువు గ్రంథాలయము చేరుట వింత కాదు. శ్రోత పంపిన కవరు గ్రంథాలయము చేరుట వింత.

ఇంతకంటె గొప్ప విషయము మరియొకటి కలదు. కచేరీలను తమ యంత్రములతో ధ్వనిముద్రణము చేసికొనగోరు శ్రోతలను సంగీత వ్యాపారులు సామాన్యముగ దొంగలవలె చూచెడివారు. ఈ బృందమువారు మాత్రము 1984 అక్టోబరునుండి అట్టివారికి సభలో ప్రత్యేక స్థలము కేటాయించిరి. నియమమొక్కటే: ఆ ముద్రణములను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకొనవచ్చును గాని అమ్మరాదు. ఆ విధముగ క్యాసెట్లు ఊరినుండి ఊరికి తపాలాలో పయనించెను. బృందము ఎన్నడును చూడని పల్లెలకు గూడ వారి పాట చేరినది. ఒక అభిమాని మరియొక అభిమానికి మిత్రుడయ్యెను. 1977 మే 8 వ తేదీన కార్నెల్ విశ్వవిద్యాలయమున జరిగిన కచేరీ ఇట్లు చేతులు మారి మారి ప్రసిద్ధి చెందెను. అమెరికా దేశపు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారు దానిని తమ 2011 వ సంవత్సరపు జాతీయ ధ్వనిముద్రణ పట్టికలో చేర్చి గౌరవించిరి.

"ఇదియంతయు వ్యాపారమే కదా! టిక్కెట్లు అమ్ముకొనుటకే కదా ఈ జాబులు!" అని కొందరాక్షేపింపవచ్చును. వ్యాపారము లేదని నేను చెప్పను. 1990 వ దశకపు తొలి సంవత్సరములలో అమెరికాయందు పర్యటనల వలన అత్యధిక రాబడి పొందిన బృందములలో ఇదియు ఒకటి. అయినను అమ్మువాడు కొనువాని పేరడిగి, తన లెక్క చెప్పి, తన సరకును ఉచితముగ పంచుకొనుటకు గూడ అనుమతించినచో, అట్టి వ్యాపారమును నిందింప నేల? నమ్మకము చూపినందున వారికి నష్టము రాలేదు. ఇది గుర్తుంచుకొనదగిన పాఠము.

అయితే ఈ కథకు చేదు భాగము లేకపోలేదు. 1987 లో వారి పాట యొకటి దేశమంతట మారుమ్రోగెను. దానితో కొత్త జనము వెల్లువవలె వచ్చిపడెను. టిక్కెట్టు లేనివారు సభామందిరముల వెలుపల గుంపులుగ చేరసాగిరి. 1995 జూలై 2 వ తేదీన ఇండియానా రాష్ట్రమునందలి డీర్ క్రీక్ రంగస్థలమున పెద్ద గుంపు కంచె పడగొట్టి లోనికి చొరబడెను. మరునాటి కచేరీ రద్దయ్యెను. అప్పుడును వారు చేసిన పని జాబు వ్రాయుటయే. టిక్కెట్టు లేనివారు రావలదనియు, ఇట్టి నడత మానకున్నచో పర్యటనలే నిలిచిపోవుననియు అభిమానులను మందలించిరి. ఆ మరుసటి నెల 9 వ తేదీన గార్షియా ఒక మత్తు మాన్పు చికిత్సాలయమున మరణించెను. ఆ సంవత్సరాంతమునకు బృందమే రద్దయ్యెను. తొలినాటి సభ్యుడు మెక్‌కర్నన్ మద్యపానముచే ఆరోగ్యము చెడి 1973 లోనే, ఇరువదియేడేండ్లకే గతించియుండెను. కావున వారి జీవనమంతయు అనుకరణీయమని విద్యార్థులు భ్రమపడరాదు. హంస నీటినుండి పాలను వేరుచేయునట్లు, మంచిని మాత్రమే గ్రహింపవలెను.

డీర్ క్రీక్ ఉదంతమునుండి నేను గ్రహించినది ఇది. పేరు తెలిసినవాడు కంచె పడగొట్టడు. గుంపునకు పేరు లేదు. సంవత్సరములకొలది జాబులతో పెరిగిన బంధమును ఒక్కనాటి ప్రసిద్ధితో వచ్చిన జనమునకు పంచుట ఏ కార్యాలయమునకును సాధ్యము కాదు. బంధము నిదానముగ పెరుగును. సంఖ్య వేగముగ పెరుగును. రెండింటికిని పోటీ వచ్చినప్పుడు సంఖ్యయే గెలుచును, బంధమే ఓడును.

నేడు ప్రతి గాయకునికిని చేతిలోని ఫోను ద్వారా లక్షలమందితో మాటలాడు సౌకర్యమున్నది. కాని లక్షలమందితో మాటలాడుట వేరు. ఒక్కని మాట వినుట వేరు. అభిమానుల సంఖ్య ప్రకటించుకొనువారు పలువురు. అభిమాని పేరడుగువారు కొందరు. కావున విద్యార్థులకు నా సలహా ఇది: మీ ప్రేమను అగ్గువగ పారవేయకుడు. మిమ్ము లెక్కించువానికంటె మిమ్ము తెలిసికొనగోరువానిని ఎక్కువగ గౌరవించుడు.

ఈ మాట గాయకులకు మాత్రమే చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. మన పాఠశాలకు గూడ చెప్పవలెను. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినది పొరుగు రాష్ట్రమున. అచట తెలుగు వీథిలోనే వినబడును. దానికొరకెవ్వరును చిరునామాలు వ్రాసికొననక్కరలేదు. ఇచట అక్కర కలదు. మన బాలబాలికలు పదవ తరగతి ముగించి, పై చదువులకు అన్య మాధ్యమములలో చేరి, ఉద్యోగములకు దూర నగరములకు పోవుచున్నారు. వెళ్లిన పిమ్మట వారెచట నున్నారో మనకు తెలియదు. మనమేమి చేయుచున్నామో వారికి తెలియదు. వారి బిడ్డలు తెలుగు అక్షరములు నేర్చుచున్నారో లేదో ఎవరును అడుగుటలేదు.

ఊరూర తిరుగు ఒక సంగీత బృందము ఎన్నడును చూడని పదుల వేలమందికి జాబులు వ్రాయగలిగినప్పుడు, మన ఒడిలో పెరిగిన కొన్ని వందలమందికి మనము వ్రాయలేమా? ఈ సంవత్సరమే ఒక చిరునామాల పుస్తకమును తెరువవలెనని ప్రధానోపాధ్యాయులను, పత్రికా సంఘము వారిని కోరుచున్నాను. పత్రిక వెలువడినప్పుడెల్ల ఒక ప్రతియు, తొమ్మిదవ తరగతి విద్యార్థి స్వహస్తముతో వ్రాసిన ఒక జాబును పూర్వ విద్యార్థులకు పంపుదము. అందు పాఠశాల మంచిచెడ్డలను, లెక్కలను దాచక తెలుపుదము. లేఖారచన పాఠము అప్పుడు పరీక్షకొరకు గాక ప్రయోజనముకొరకు నేర్చినట్లగును. వచ్చిన ప్రత్యుత్తరములను, అవి తప్పుల తెలుగులో నున్నను సరే, పత్రికలో అచ్చువేయుదము. పత్రిక చేతికందిన ప్రతి విద్యార్థియు తన ఇంటినుండి గాని, ఇరుగుపొరుగునుండి గాని ఒక పూర్వ విద్యార్థి పేరును చిరునామాను వ్రాసి తెచ్చినచో, సెలవులు ముగియునాటికి మన పుస్తకమున మొదటి పుటలు నిండును.