మూడు కొటేషన్లు తెస్తేనే పుస్తకమా?

మన విశ్వవిద్యాలయాల లైబ్రరీలు ఏ పుస్తకం కొనాలో ఎలా నిర్ణయిస్తాయని ఎవరైనా అడిగితే నాకు నవ్వొస్తుంది. నిర్ణయించడమనే పనే అక్కడ జరగదు. ఫిబ్రవరి దాకా నిద్ర, మార్చిలో ఉరుకులు పరుగులు. 31వ తేదీలోగా ఖర్చుపెట్టకపోతే నిధులు మురిగిపోతాయన్న భయం తప్ప, వేరే సేకరణ విధానమంటూ ఒకటుంటే నాకు చూపించండి.

క్యాంపస్‌లో షామియానా వేసి పుస్తక ప్రదర్శన పెడతారు. సప్లయర్లు తమ దగ్గర మిగిలిపోయిన సరుకంతా బల్లల మీద పరుస్తారు. ప్రొఫెసర్లు టీ గ్లాసులతో వచ్చి చీటీల మీద టిక్కులు కొడతారు. మొదటి టిక్కు పోటీ పరీక్షల గైడుకు. రెండోది నిరుడు కొన్న పాఠ్యపుస్తకానికే, ఈసారి కొత్త అట్టతో. ఇండెంటు మీద శాఖాధిపతి సంతకం, లైబ్రరీ కమిటీ ఆమోదం, యాక్సెషన్ నంబరు, గుండ్రటి ముద్ర. అట్టపెట్టెలు విప్పారో లేదో గానీ బిల్లు మాత్రం పాసైపోతుంది. ఈ తంతులో పుస్తకాన్ని ఎంచుకున్నదెవరు? లైబ్రేరియనా? ఆ కుర్చీలో చాలాచోట్ల ఇన్‌చార్జే ఉంటాడు. అంతా సప్లయర్ క్యాటలాగు దయ.

సొంత డబ్బుతో కవితా సంపుటి వేసుకున్న మిత్రుడితో కలిసి ఒక యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లాను. నాలుగు కాపీలు తీసుకోమన్నాం. సెక్షన్‌లో ఉన్నాయన మర్యాదగానే మాట్లాడాడు. "మూడు కొటేషన్లు కావాలి సార్. జీఎస్టీ నంబరుందా? మా వెండర్ల లిస్టులో పేరుందా?" ఆ పుస్తకం అమ్మే మనిషి భూమ్మీద ఒక్కడే, ఆయన ఎదురుగానే నిలబడి ఉన్నాడు. మిగతా రెండు కొటేషన్లు ఎక్కణ్నుంచి తేవాలి? పోనీ ఊరికే ఇస్తాం, ఉంచుకోండి అన్నాం. "డొనేషన్లు ఆపేశాం సార్, ర్యాకుల్లో చోటు లేదు." పక్క గదిలో ఒకే గైడు కట్టలు కట్టలుగా పడి ఉంది.

ఆయన్ని నేనేమీ అనను. ఆయన భయం ఆడిట్. లైబ్రరీ నుంచి తీసుకెళ్లి చదివే ప్రతి వెయ్యి పుస్తకాలకు ఏడాదికి ఐదు పోయినా సహజమే అనుకోవచ్చని కేంద్రం 2017లో తెచ్చిన సాధారణ ఆర్థిక నియమాలే ఒప్పుకుంటాయి. పోయిన పుస్తకానికి లెక్కుంది. కొనకుండా వదిలేసిన పుస్తకాన్ని నష్టం కింద రాసే రిజిస్టరు మాత్రం ఏ లైబ్రరీలోనూ లేదు.

ఆ నష్టమెంతో తెలియాలంటే సాహిత్య చరిత్ర చూడండి. దిగంబర కవుల తొలి సంపుటి 1965లో హైదరాబాద్‌లో అర్ధరాత్రి వేళ ఒక రిక్షా కార్మికుడి చేతుల మీదుగా విడుదలైంది. ఇవాళ అచ్చయి ఉంటే దాన్ని ఏ సప్లయర్ కొటేషన్‌లో రాసేవాడు? 1993 నాటి 'నీలిమేఘాలు', 1995 నాటి 'చిక్కనవుతున్న పాట' స్త్రీవాద, దళిత కవిత్వాలకు దారి చూపిన సంకలనాలు. అవి పెద్ద పంపిణీ సంస్థల గోదాముల్లో పుట్టలేదు. వాటి మీద పీహెచ్‌డీలు ఇచ్చే విశ్వవిద్యాలయాలే, రేపు అలాంటివి కాగల పుస్తకాలను ఇవాళ గుమ్మంలోంచే తిప్పి పంపుతున్నాయి.

మనం వద్దనుకున్నవి ఎక్కడున్నాయో తెలుసా? అమెరికాలో. పీఎల్-480 అనే అమెరికా చట్టం కింద మనకు గోధుమలు అమ్మగా పోగైన రూపాయలతో అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962లో ఢిల్లీలో ఆఫీసు తెరిచి భారతీయ భాషల పుస్తకాలు కొనడం మొదలుపెట్టింది. షికాగో, విస్కాన్సిన్ లాంటి విశ్వవిద్యాలయాలకు తెలుగు పుస్తకాలూ అలాగే చేరాయి. మన భాష మీద వాళ్లకు ప్రేమ పొంగిందేమీ కాదు, అది ప్రచ్ఛన్న యుద్ధ కాలం. కారణమేదైనా, పరిశోధకుడికి ఎప్పటికైనా పనికొస్తుందా అన్న ఒక్క ప్రశ్న వేసుకుని కొన్నారు. ఇవాళ మన విద్యార్థి ఆ పుస్తకం కోసం అమెరికాలో ఉన్న బాబాయి కొడుక్కి వాట్సాప్‌లో మెసేజి పెట్టి, పేజీలు ఫొటో తీసి పంపమని బతిమాలుతున్నాడు. సొంత పెరట్లో కాసిన కాయ కోసం పక్కింటికి గిన్నె పట్టుకెళ్లినట్టు!

చట్టమైనా కాపాడుతుందా అంటే, 1954 నాటి పుస్తకాల బట్వాడా చట్టం ప్రకారం ప్రచురణకర్తలు కాపీలు పంపాల్సిన లైబ్రరీలు కోల్‌కతా, చెన్నై, ముంబయి, ఢిల్లీల్లో ఉన్నాయి. తెలుగు నేల మీద ఒక్కటీ లేదు. అందుకే ఇక్కడి విశ్వవిద్యాలయాల బాధ్యత రెట్టింపు. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం విద్యాసంస్థలకు గ్రేడ్లిచ్చే నాక్ సంస్థ ముద్రేదీ లేకుండానే పాత పత్రికలను దాచింది. ఒక ఊరు చేసిన పని విశ్వవిద్యాలయానికి చేతకాదా?

ఇక నాక్ సంగతి. పుస్తకాలకూ పత్రికలకూ ఏటా సగటున ఎంత ఖర్చుపెట్టారు, రోజుకు ఎంతమంది వచ్చారు అని అడుగుతారు. ఏ పుస్తకం కొన్నారు, ఎందుకు కొన్నారు అన్న ప్రశ్నకు మార్కులు లేవు. మార్కుల్లేని పని మనవాళ్లు ఎందుకు చేస్తారు?

"ఇప్పుడంతా ఆన్‌లైనే కదా, వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది కదా" అంటారు. వచ్చింది, మంచిదే. మూడేళ్లకు దాదాపు 6,000 కోట్లు, 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు. కెమిస్ట్రీ విద్యార్థికి అది వరమే, కాదనను. కానీ 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు స్థాపించిన 'భారతి' పాత సంచికలు ఆ ప్యాకేజీలో రావు. నిన్న గుంటూరులో అచ్చయిన కథల సంపుటీ రాదు. పైగా చందా అద్దె లాంటిది, కట్టడం మానేస్తే తలుపు మూసుకుంటుంది. సొంతంగా కొని ర్యాకులో పెట్టుకున్న పుస్తకాన్ని ఏ కంపెనీ వెనక్కి లాక్కోలేదు.

నేనేమీ గొంతెమ్మ కోరికలు కోరడం లేదు. ఏం కొంటాం, ఏం కొనం, ఎందుకు కొనం అనే విధానాన్ని కాగితం మీద రాసి అందరికీ కనిపించేలా పెట్టండి. రచయితలు స్వయంగా వేసుకున్న పుస్తకాలకు, చిన్న పత్రికలకు, ఉద్యమ కరపత్రాలకు కొటేషన్లతో పనిలేని ప్రత్యేక నిధి కేటాయించండి. పుస్తక ఆవిష్కరణ సభలకు వెళ్లి, అక్కడి బల్ల మీదున్న పుస్తకాన్ని అక్కడికక్కడే కొనే అధికారం, తెలుగు బాగా చదివిన ఒక లైబ్రేరియన్‌కు ఇవ్వండి. మోసం జరుగుతుందని భయపడేవాళ్లు, ఇప్పుడు షామియానా కింద జరుగుతున్నదేమిటో ముందు చెప్పాలి.

వైస్‌చాన్సలర్లకు ఒక మాట. పోయిన మార్చిలో మీ లైబ్రరీ కొన్న తెలుగు పుస్తకాల జాబితా తీయించండి. గైడ్లు, పాఠ్యపుస్తకాలు కొట్టేయించండి. మిగిలినవి చదివి వినిపించడానికి మీకు ఎన్ని నిమిషాలు కావాలి?