"ఎడిట్ చేశాం" అంటే ఏం చేసినట్టు?

మన కథ అచ్చయిన సంచికతో పాటు "కొంచెం ఎడిట్ చేసి వేశాం" అని ఓ ముక్క వస్తుంది. ఆ "కొంచెం" దగ్గరే నా పేచీ. అచ్చుతప్పు సవరించారా? సాగిన పేరా కుదించారా? మా నోటి మాట తీసేసి మీ మాట పెట్టారా? మూడింటికీ ఆ ఒక్క ఇంగ్లీషు మాటే ముసుగు.

తెలుగులో ఏ పనికి ఆ మాట ఉంది. బ్రౌను పండితుల చేత వేమన పద్యాల తాటాకు ప్రతులను సరిపోల్చి చూపించి 1829లో అచ్చు వేయించాడు, అది పరిష్కరణ. గురజాడ 1897 నాటి తన కన్యాశుల్కాన్ని 1909లో కొత్త నాటకమా అన్నంతగా తిరగరాశాడు. అది కర్త తన సొత్తును తానే సంస్కరించుకోవడం. ఇక దిద్దడం. పలక మీద అక్షరాలు దిద్దుతాం, నుదుట బొట్టు దిద్దుతాం. ఉన్న ముఖానికే బొట్టు. ముఖం మార్చేస్తే దాన్ని దిద్దడమనరు.

హోసూరు పక్క రైతు "యాల?" అని అడుగుతాడు. నా కథలో అది "ఎందుకు?" అయింది. "నిండా" పోయి "చాలా" వచ్చింది. ఈ "యాల" ఎక్కడి నుంచో ఎరువు తెచ్చుకున్నది కాదు, కావ్యాలలోని "ఏల". తమిళ దేశంలో, తిరువయ్యారులో ఉండి త్యాగయ్య పాడుకున్న మాట. కృతిలో ఉంటే సంగీతం, మా రైతు నోట ఉంటే తప్పా?

"పాఠకులకు అర్థం కాదు" అంటారు. గోదావరి మాట అర్థం కావడానికి మేమేం పరీక్ష రాశామండీ? చదివి చదివి నేర్చుకున్నాం. మా పిల్లలు బడిలో కన్నడమో తమిళమో ఒడియానో చదువుతారు. ఇంటి తెలుగు అచ్చులో కనబడేది ఇలాంటి నాలుగు పేజీలలోనే. అక్కడా లేకపోతే, అవ్వ మాట్లాడింది తెలుగే కాదనుకుంటారు.

ఇంగ్లీషులో ఎడిటర్ ముందు పుట్టాడు, ఎడిట్ అనే క్రియ ఆ తర్వాత అతని నుంచి వచ్చింది. దాని లాటిన్ మూలానికి అర్థం బయటికి ఇవ్వడం. మన సంపాదకుడేమో సంపాదించేవాడు (చిన్న పత్రికలో ఏం సంపాదిస్తాడో ఆ దేవుడికే తెలియాలి). ఇద్దరిలోనూ తుడిచేసేవాడు లేడు.

కుదించండి, పేచీ లేదు. ఒత్తులూ దీర్ఘాలూ సవరించండి. మాట మార్చాలనిపిస్తే మాత్రం అచ్చుకు ముందే ఒక కార్డు రాయండి, ఫోనైనా చెయ్యండి. అర్థం కాదేమోనని భయముంటే పేజీ అడుగున అర్థం వేయండి. ఒక్క పంక్తి చోటు చాలు.