చేతి బ్యాటరీని చిన్నచూపు చూడరాదు

పల్లెటూరి కొట్టుకు వెళ్లి "ఒక బ్యాటరీ ఇవ్వు" అంటే ఇప్పుడు పని జరగడం లేదు. "ఏ బ్యాటరీ పెద్దాయనా? చేతి లైటా, ఫోనుదా, ట్రాక్టరుదా?" అని కొట్టువాడు ఎదురు ప్రశ్న వేస్తున్నాడు. ఒకప్పుడు ఈ ప్రశ్నకు తావే లేదు. పల్లెలో బ్యాటరీ అంటే చేతిలో పట్టుకునే టార్చిలైటు. లోపల వేసేవి సెల్లులు. రెండు సెల్లుల బ్యాటరీ, మూడు సెల్లుల బ్యాటరీ అని చెప్పుకునేవారు.

ఆంగ్లంలో బ్యాటరీ అంటే మొదట ఫిరంగుల వరుస. సైన్యంలో నేటికీ ఆ అర్థం ఉంది. వరుసగా అమర్చిన విద్యుత్ జాడీలకు 18వ శతాబ్దంలో అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆ పేరు వాడారు. మన పల్లె జనం ఆ పేరును ఏకంగా లైటుకే పెట్టుకున్నారు. అలసి కూలబడినవాణ్ణి చూసి "వీడి బ్యాటరీ అయిపోయింది" అని నవ్వుకోవడమూ ఉంది.

మాట అర్థం మారితే నష్టం లేదు. వస్తువు మూలపడితేనే నష్టం. అప్పుడు బ్యాటరీలో సెల్లు ఉండేది, ఇప్పుడు సెల్లులో బ్యాటరీ ఉంది. జేబులో సెల్‌ఫోను ఉంది కదా అని రాత్రివేళ మోటారు వేయడానికి వెళ్లే రైతులు చేతి బ్యాటరీని ఇంట్లోనే వదిలేస్తున్నారు. ఫోను వెలుగు నాలుగడుగులు దాటి పోదు. గట్టు మీద జారితే నీళ్లపాలు. పైగా లైటుకే ఛార్జింగు అయిపోతే, ఆపద వేళ 108కి కబురు చేసే దారి కూడా మూసుకుపోతుంది.

ఇది చిన్న విషయం కాదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది మరణించారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. వారిలో అత్యధికులు పల్లెవాసులే. దాదాపు సగం మరణాలు జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే సంభవించాయి. అవి పొలం పనులు ముమ్మరంగా సాగే రోజులు.

రైతులు చేతిలో బ్యాటరీ, కర్ర లేనిదే రాత్రి గట్టు ఎక్కరాదు. పాము కరిస్తే మంత్రాలని, పసర్లని కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి చేరాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో పాముకాటు మందు నిల్వ ఉండేలా అధికారులు చూడాలి. వ్యవసాయానికి పగటిపూటే కరెంటు అందేలా చర్యలు తీసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది. అంతవరకు రైతుకు చేతి బ్యాటరీయే రక్ష.