దిగునపుడు తొందర

ఆషాఢమాసపు గాలి యెట్టిదో కంబదూరు రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. వాన రాదు, మేఘములను తరిమికొనిపోవు పడమటి గాలి మాత్రము పగలెల్ల వీచును. తూర్పుననున్న రామగిరి కొండలపై గాలిమరలు నిలిపినది ఆ గాలి బలమును నమ్మియే. కరవుసీమకు ఉపకారము చేయుచున్న ఆ గాలియే చిన్న విమానమును నేలకు దింపువానికి గండమగుచున్నది.

కంబదూరునకును విమానమునకును సంబంధమేమని కొందరు నవ్వవచ్చును. పుట్టపర్తిలో 1990వ సంవత్సరమునుండి విమానాశ్రయమున్నది. మంత్రులును, వ్యాపారులును సొంత విమానములలోనో అద్దె విమానములలోనో తిరుగుట నేడు వింతగాదు. చేను తాకట్టుపెట్టి కుమారుని విమానచోదకవిద్యకు పంపు తండ్రులును మనలో నున్నారు. కావున నిది మన యింటి సంగతియే.

ఎగురుటకంటె దిగుట కష్టము. గాలి ప్రక్కనుండి వీచునపుడు విమానము తిన్నగ రాజాలదు. ఏటి ప్రవాహమునకు అడ్డముగ తెప్ప నడుపువానివలె చోదకుడు ముక్కును గాలివైపునకు త్రిప్పి ఓరగ తేవలయును. చక్రములు నేల నంటబోవునపుడు చుక్కానితో ముక్కును బాటకు సరిచేసి, గాలివైపు రెక్కను కొంచెము వంచవలయును. వేగము తగ్గుకొలది చుక్కాని పట్టు సడలును. సరిగా నప్పుడే గాలి విసరును. తోకచక్రపు విమానములలో బరువు ముందుచక్రములకు వెనుకనుండుటచేత, ఒకమారు ప్రక్కకు తిరిగినచో తనంతట తానే గిరుక్కున తిరిగిపోవును. శిక్షణశాలలలో విరివిగ వాడు సెస్నా 172 విమానమును నిర్మాతలు పరీక్షించి చూపిన అడ్డగాలి గంటకు సుమారు 28 కిలోమీటర్లు మాత్రమే. మన ఆషాఢపు విసురులు అంతకు మించుట అరుదా?

అయినను గాలిని నిందించి ఊరకుండరాదు. గాలికిగాని వానకుగాని మందు ఒకటి కలదు: దిగుట మాని, యంత్రమునకు పూర్తి బలమిచ్చి, మరల పైకి లేచిపోవుట. 2023 సెప్టెంబరు 14వ తేదీన విశాఖపట్టణమునుండి యెనమండుగురితో బొంబాయికి పోయిన లియర్జెట్ 45 అను చిన్న విమానము, జడివానలో, 700 మీటర్లకు మించి చూపు ఆనని వేళ దిగబోయి, బాట తప్పి విరిగిపోయినది. అందరును ప్రాణములతో బయటపడుట దైవకృప. మంగుళూరులో 2010 మే 22వ తేదీన ఆ కృపయు లేకపోయెను. అది పెద్ద విమానమే, కాని పాఠమొక్కటే. దిగవద్దు, పైకి పొమ్మని సహచోదకుడు మూడుమారులు చెప్పినను ప్రధానచోదకుడు వినలేదు. 158 మంది మడిసిరి.

ఎందుకు వినలేదు? తిరిగిపోయినచో పరువు పోవునను భ్రమ మన జాతికి క్రొత్తగాదు. పెద్ద విమానములలో హెచ్చరించుటకు రెండవవాడైన నుండును. చిన్న విమానమున పలుమారు చోదకుడొక్కడే. వెనుక కూర్చున్నవాడు విమానమునకు యజమానియై, చోదకునకు జీతమిచ్చువాడై, సభకు వేళ మించుచున్నదని గడియారము చూచుచుండును. ఆ చూపు అడ్డగాలికంటె తక్కువ ప్రమాదము గాదు. యేరు పొంగినపుడు బండిని దాటింపుమని తొందరపెట్టు ఆసామికిని ఇతనికిని భేదమేమి? బండివాడైనను ఎదురు చెప్పును. జీతగాడైన చోదకుడు చెప్పడు.

విమానము గల పెద్దలు బయలుదేరుటకు పూర్వమే, "నీకు తోచినచో దిగకుము, బెంగుళూరికే పొమ్ము" అని చోదకునకు నోట చెప్పవలయును. శిక్షణశాలలు ప్రశాంతమైన యుదయవేళలనేగాక, గురువును ప్రక్కనుంచుకొని గాలిగల మధ్యాహ్నములందును విద్యార్థిచేత దిగించి, లేపి, మరల దిగించవలయును. ఇక ముందు మన సీమలో చిన్న విమానబాట యెక్కడ వేసినను, ఎకరము ధర అడుగుటకు వచ్చు అధికారులు ఆ పొలముల రైతులను గాలి యే మాసమున యే దిక్కునుండి వచ్చునో కూడ నడిగి, యేడాదిపాటు కొలిచి, పిమ్మటనే సర్వేగొలుసు లాగవలయును.