రెడీమేడ్ రోబో వద్దు భాయ్‌జాన్

మొన్న మా ఖాలా కొడుకు ఫోన్ చేసి, "భాయ్‌జాన్, పిల్లాడి స్కూల్లో సైన్స్ ఫెయిర్. రెడీమేడ్ రోబో ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగాడు. కోపం వచ్చింది. వెంటనే సిగ్గూ వేసింది. నిరుడు నేనూ అదే దుకాణం కోసం వెతికాను మరి.

మా వాడు ఒప్పుకోలేదు. నేల మీద అతికించిన నల్ల టేపు వెంట నడిచే చిన్న బండి తానే చేస్తానన్నాడు. రాత్రి ట్యూబ్‌లైట్ కింద చక్కగా నడిచింది. తెల్లారి ఎండపడే వరండాలో పెడితే గీత వదిలేసి గోడకు గుద్దుకుంది. వాడు కంగారుపడి బ్యాటరీ, ప్రోగ్రామ్, సెన్సర్ ఎత్తు అన్నీ ఒకేసారి మార్చబోయాడు. అలా చేస్తే, ఒకవేళ బాగైనా దేనివల్ల బాగైందని చెప్పాలి?

"బేటా, ఒక్కటే మార్చు. ఏమవుతుందని నీ గుమానో ముందే రాసిపెట్టు" అన్నాను. నా సాయం అంతే.

కొత్త బ్యాటరీ వేశాడు. పదిసార్లలో ఎనిమిదిసార్లు గీత తప్పింది. గుమాన్ గలత్ అయింది, అలాగే రాసుకున్నాడు. తర్వాత ఎండ మీద షక్ వచ్చింది. అదే చోట, అదే బ్యాటరీతో, ఎండకు దుప్పటి అడ్డం కట్టి నడిపాడు. ఒక్కసారే తప్పింది. ఆ సెన్సర్ ఇన్‌ఫ్రారెడ్ వెలుగు పంపి, తిరిగొచ్చేదాన్ని బట్టి తెలుపూ నలుపూ పోల్చుకుంటుంది. ఎండలోనూ అదే వెలుగు ఉంటుంది కాబట్టి నల్లగీత కూడా దానికి తెల్లగా తోచింది. సెన్సర్ చుట్టూ నల్లకాగితం గొట్టంలా చుట్టాక దుప్పటి లేకుండానే నడిచింది.

మన జల్సాల్లో అల్ జజరీ పేరు ఫఖర్‌గా చెబుతారు. నీటితో పనిచేసే బొమ్మ సంగీతకారుల పడవ గురించి ఆయన 1206లో పూర్తిచేసిన కితాబ్‌లో ఉంది. (అది దర్బారు షరాబ్ మెహ్‌ఫిళ్ల కోసమని మాత్రం ఎవరూ చెప్పరు.) తజుర్బాలో నిలవని హునర్ నిజానికీ అబద్ధానికీ మధ్యే ఉండిపోతుందన్న మాట కూడా ఆ కితాబ్‌లోదే. తఖ్రీర్లలో అది వినపడదు. ఆయన పేరు చెప్పుకుంటూ పిల్లలకు కొన్న డబ్బా చేతికిస్తే అది ఏం విరాసత్?

ప్రైజ్ కొనుక్కొచ్చిన రోబోకే వెళ్లింది. జడ్జీలు మావాడి నోట్‌బుక్ తెరవనే లేదు. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. అందుకే నా షికాయత్ అమ్మీ అబ్బాల కన్నా స్కూళ్ల మీదే ఎక్కువ. "ఎన్నిసార్లు ఫెయిలైంది, ఎందుకు?" అని ప్రతి పిల్లాణ్నీ అడిగి, ఆ జవాబుకే మార్కులేస్తే ఆ దుకాణానికి ఎవరు పోతారు?

ఖాలా కొడుక్కి దుకాణం పేరు చెప్పలేదు. ఆదివారం పిల్లాణ్ని మా ఇంటికి పంపమన్నాను. నల్ల టేపు ఇంకా సగం మిగిలే ఉంది.